కుసుమ రంగుకు గొడుగు

కుసుమ పూల నుంచి తీసిన ఎర్రరంగు ముద్దకు ఎండ తగిలితే చాలు, వెలవెలబోతుంది. అందుకే అద్దకంవాళ్ల ఊరి నుంచి నూకాలు రంగు కుండలకు మూతలు బిగించి, నల్ల కంబళి కప్పి, రాజధానికి బండి తోలుకొచ్చింది. ఊరంతా ఏడాది పడ్డ కష్టం ఆ బండిలోనే ఉంది.

కోట గుమ్మంలో సుంకం అధికారి భైరప్ప అడ్డుపడ్డాడు.

"కంబళి లాగెయ్. కుండలన్నీ తెరిచి ఎండలో పెట్టు, తీరిగ్గా చూస్తాను."

"రంగు చచ్చిపోతుంది దొరా!"

"కబుర్లు చెప్పకు! ఎండకు రంగు చావడమేమిటి?"

నూకాలుకు ఒళ్లు మండింది. అంతలో భైరప్ప ఎర్ర తలపాగా కంటబడింది. అది తమ ఊళ్లో అద్దిందే. దానిమీద ఎండ పడకుండా ఒక బంటు గొడుగు పట్టుకుని నిలబడ్డాడు.

"అలాగే తెరుస్తాను దొరా. మీ తలపాగాదీ ఈ రంగే. నా కుండలు ఎండలో ఉన్నంతసేపూ ఆ గొడుగు మూయించండి."

భైరప్ప చెయ్యి చటుక్కున తలపాగా మీదికి పోయింది.

"అమ్మో, వెలిసిపోదూ!"

చుట్టూ ఉన్న జనం గొల్లున నవ్వారు.

"మరి నా కుండలకు ఈ కంబళే గొడుగు. చూడాలంటే కిందికి దూరండి" అంది నూకాలు.

ఇంతమంది ముందు వెనక్కి తగ్గలేక, అధికారిగారు బండెక్కి మోకాళ్ల మీద పాకుతూ కంబళి కిందికి దూరారు. చీకట్లో కుండల మూతలు తీసి, ఒక్కోదానిలో ముక్కు పెట్టి చూసి బయటికొచ్చేసరికి ఆయన ముక్కు ఎర్రగా మెరిసిపోతోంది.

"ఆ ముక్కుకూ గొడుగు పట్టించండి దొరా, వెలిసిపోగలదు!" అంటూ నూకాలు దర్జాగా బండిని కోటలోకి తోలింది.