నూకాలు పేరు

1971 నవంబరు 9న యానాంలో పొద్దుట నుంచీ ముసురు, గోదావరి మీంచి చలిగాలి. అలాంటి రోజుల్లో కామేశం మేష్టారికి ఉబ్బసం తిరగబెడుతుంది, ఫ్రెంచి పాఠం ఉండదు. అయినా వీరభద్రం గొడుగేసుకుని వెళ్లాడు. ఫ్రెంచి వాళ్లు పోయి ఏళ్లు గడిచినా మేష్టారి పద్ధతి మారలేదు. ఏ మాటనైనా విడదీసి, ఒక్కో ముక్కకూ బల్ల అంచు మీద వేలితో కొట్టాలి. సోల్-దా, అంటే సిపాయి. చివరి తకారం రాస్తారు గాని పలకరు.

"విడదీయడం వచ్చింది, పలకడమూ వచ్చింది. ఇంకేం మిగిలింది మేష్టారూ?" అన్నాడు వీరభద్రం.

"గవర్రాజుకి నేర్పి రా, చెబుతాను."

గవర్రాజు ఫ్రెంచి సైన్యంలో పనిచేసి వచ్చిన మనిషి. పక్షవాతంతో మాట పడిపోయింది. పాండిచ్చేరిలోని ఫ్రెంచి కాన్సులేటు నుంచి వచ్చే అధికారి ముందు ఆయన నోరు విప్పి అడిగితేనే తమకు ఫ్రాన్సు పౌరసత్వం కాగితాలు దొరుకుతాయని కొడుకులిద్దరి నమ్మకం. వీరభద్రం రోజూ వెళ్లి, ఆడే చేతి మణికట్టు మీద వేలితో తట్టేవాడు. నా-స్యో-నా-లి-తే, అంటే జాతీయత. వంకర పోయిన నోట్లోంచి ఒక్కో ముక్కే బయటికి వచ్చేది.

ఒకనాడు గవర్రాజు భార్య నూకాలు కాఫీ తెచ్చి అక్కడే నిలబడింది.

"బాబూ, నా పేరు కూడా అలా ముక్కలు చేసి చెప్పించవా? ఇదివరకు వీధి మొగలోంచే నూకాలూ అని కేకేసేవోరు."

పెద్దకొడుకు నవ్వాడు. "నీ పేరు ఆఫీసరడుగుతాడేంటే అమ్మా? ఆ దొరకి నువ్వేమన్నా మేనత్తవా?"

ఆమె కూడా కాస్త నవ్వింది.

"ఆయన వచ్చి వెళ్లనీండి పిన్నిగారూ. తరవాత అదెంత పని," అన్నాడు వీరభద్రం. ఆమె తలూపి ఖాళీ గ్లాసు తీసుకుని వెళ్లింది.

అధికారి వచ్చాడు. గవర్రాజు ఒక్క ముక్క తడబడలేదు. ముక్కుతో పలకవలసినవి ముక్కుతోనే పలికాడు. వీరభద్రం ఆ సంతోషంలో నాలుగు రోజులు అటు వెళ్లలేదు. అయిదో రోజు వెళ్లేసరికి వాకిట్లో పాడె కడుతున్నారు.

దినవారాలయ్యాక పెంకుటిల్లు పెద్దవాడి పేర రాశారు, కొబ్బరితోట చిన్నవాడికి వచ్చింది. ఫ్రాన్సు కాగితాలు ఇద్దరికీ వచ్చాయి. నూకాలుకి ఏమీ రాలేదు.

వీరభద్రం ఇదంతా చెప్పి తలదించుకున్నాడు. మేష్టారు ఆయాసపడుతూ ముందుకు వంగారు. తరవాత బల్ల అంచు మీద మెల్లగా మూడుసార్లు కొట్టారు.

"కష్టమైన అక్షరం ఒక్కటీ లేదురా ఆవిడ పేర్లో," అన్నారు.