ఎగిరొచ్చిన రేకు

త్రినాథ్ చెప్పిన చోటే తుఫాను తీరం దాటింది. చెప్పిన పూటకే దాటింది. మూడు రోజులైనా గురువుగారు ఒక్క మెచ్చుకోలు మాట అనలేదు. అదే అతని బాధ.

అనడానికి వీలు కూడా లేదనుకోండి. కరెంటు లేదు, ఫోన్లు పనిచెయ్యడం లేదు. ఇద్దరి ఊళ్ళ మధ్యా ఉన్న ఆరు కిలోమీటర్ల రోడ్డు మీద కొబ్బరిచెట్లు అడ్డంగా పడున్నాయి. అయినా మనసుంటే ఎలాగోలా కబురు పంపొచ్చు కదా అని త్రినాథ్‌కి అనిపించింది.

గురువుగారి పేరు ఖాజా మొహిద్దీన్. వాతావరణ కేంద్రంలో ముప్పై నాలుగేళ్ళు పనిచేశారు. గాలి ఎటు నుంచి వీస్తోంది, ఎంత వాన పడింది, ఆకాశంలో ఎంత మేర మబ్బుంది, ఇవన్నీ రోజూ చూసి పైకి పంపడమే ఆయన పని. రిటైరయ్యాక శ్రీకాకుళం జిల్లాలో సముద్రానికి దగ్గరగా ఉన్న సొంత ఊరికి వచ్చేశారు. అందరూ ఉస్తాద్ గారంటారు. ప్రతి ఆదివారం ఆయన వరండాలో పదిహేడు మంది చేరతారు. వాళ్ళందరికీ తుఫానులంటే పిచ్చి. కొందరికి సినిమాలంటే ఎలాగో వీళ్ళకి వాయుగుండాలంటే అలాగ.

ఆ పదిహేడు మందికీ ఫోన్లో ఒక గ్రూపుంది. పేరు గాలివాన మిత్రమండలి. అందులో త్రినాథ్‌ది పెద్ద గొంతు. మండలాఫీసు ఎదురుగా జిరాక్స్ షాపు నడుపుతాడు, పెళ్ళయినవాడు, నలభై దాటాయి. బంగాళాఖాతంలో ఎక్కడ నీళ్ళు కాస్త వేడెక్కినా షాపు భార్యకి అప్పగించి ఫోను పట్టుకుని కూర్చుంటాడు. అతనికి పోటీ హైస్కూలు లెక్కల మాస్టారు భానోజీరావు. ఈసారి తుఫాను ఒడిశా వైపు పోతుందని భానోజీ మాస్టారు, కాదు మన మీదికే వస్తుందని త్రినాథ్, వారం రోజులు వాదించుకున్నారు. దాని పేరు ఎలా పలకాలన్న దాని మీద ఇంకో రెండు రోజులు వాదించుకున్నారు.

గురువారం తెల్లవారుజామున అది త్రినాథ్ చెప్పిన చోటికి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఒడ్డెక్కింది. ఫోన్లు ఆగిపోయే ముందు అతను గ్రూపులో పెట్టిన ఆఖరి మాటలు ఇవి: "తుఫాను కన్ను చూడండి, ఎంత గుండ్రంగా, ఎంత అందంగా ఉందో." దానికి పద్నాలుగు మంది చప్పట్లు కొట్టారు. ఒకాయన, నేల తగిలాక బలం తగ్గిపోతోందే అని బాధపడ్డాడు.

శనివారం పొద్దున్నే త్రినాథ్ బయల్దేరాడు. కరెంటు పోకముందే అచ్చు తీసి ఉంచుకున్న ఉపగ్రహ చిత్రాలన్నీ చుట్టగా చుట్టి చంకలో పెట్టుకున్నాడు. ఒక్కోదాని మీదా తేదీ, గంట, తన సంతకం ఉన్నాయి. కొబ్బరిమానులు కొన్ని ఎక్కి దాటాడు, కొన్నిటి కిందుగా దూరాడు. ఉస్తాద్ ఇంటికి చేరేసరికి పదయింది.

ఉస్తాద్ పెరట్లో నిలబడి ఉన్నారు. ఆయన ఎదుట జామచెట్టు మొదలంటా విరిగి ఉంది. కొమ్మల్లో ఒక ఇనప రేకు ఇరుక్కుని ఉంది. ఇంటి కప్పుకి వేసే రేకు, ఎనిమిదడుగుల పొడవు.

"బాగున్నావా బేటా? ఇంట్లో అందరూ క్షేమమేనా?"

"అందరం బాగున్నాం ఉస్తాద్ గారూ. ఇవి చూడండి." త్రినాథ్ చుట్ట విప్పాడు.

ఉస్తాద్ కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో కాగితమూ నిదానంగా చూశారు. అన్నీ చూశాక, "రంగులు బాగా వచ్చాయి" అన్నారు.

త్రినాథ్ ఇంకా ఏమైనా అంటారేమోనని చూశాడు. ఆయన కాగితాలు చుట్టి తిరిగి ఇచ్చేశారు.

"ఎనిమిది కిలోమీటర్లే తేడా ఉస్తాద్ గారూ. నాలుగు రోజుల ముందు చెప్పాను."

"అవును. అంత దూరాన సముద్రంలో ఉన్నదాన్ని పట్టుకున్నావు." ఉస్తాద్ జామచెట్టు వైపు చెయ్యి చూపించారు. "ఈ రేకు మా ఇంటిది కాదు. ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పగలవా?"

త్రినాథ్ మొహం వెలిగింది. పరీక్ష పెడుతున్నారన్నమాట. రేకు కిందికి దించి పొడవూ వెడల్పూ కొలిచాడు. ఎత్తి బరువు చూశాడు. ఫోన్లో దిక్సూచి తెరిచి పెరట్లో మూడుసార్లు తిరిగాడు. ఉస్తాద్ అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకుంటున్నారు.

"తుఫాను మన మీదికి వచ్చేటప్పుడు గాలి ఈశాన్యం నుంచి కొట్టింది. రేకు ఎనిమిది వందల మీటర్లు ఎగిరి ఉంటుంది. అంటే జీడితోటల దగ్గరున్న పేట నుంచి వచ్చింది." త్రినాథ్ గట్టిగా చెప్పాడు. "అనుమానం లేదు."

"మంచిది. ఇచ్చేసి రా."

"నేనా?"

"ఎవరిదో నాకు తెలీదు కదా బేటా."

త్రినాథ్ తువ్వాలు చుట్టలా చుట్టి నెత్తిన పెట్టుకుని రేకు ఎత్తుకున్నాడు. వీధి మలుపు దాటాడో లేదో, సముద్రం మీంచి చిన్న గాలి తెమ్మెర వచ్చింది. ఎండాకాలం సాయంత్రాల్లో జనం చొక్కా గుండీలు విప్పుకుని హాయిగా నిలబడే పాటి గాలి. అది రేకుని పట్టి అతన్ని బొంగరంలా ఒక చుట్టు తిప్పి, వచ్చిన దారికేసి నిలబెట్టింది. రెండోసారి తిప్పినప్పుడు పక్కనే ఉన్న కాలవలో ఒక కాలు పడింది. గంటకి నూట నలభై కిలోమీటర్ల గాలి గురించి అతను పేజీలు పేజీలు రాశాడు. పది కిలోమీటర్ల గాలి గురించి ఎప్పుడూ ఆలోచించలేదు.

జీడితోటల పేటలో చెట్లన్నీ వేళ్ళు పైకి పెట్టుకుని ఉన్నాయి. ముప్పై ఇళ్ళుంటే, కప్పున్నవి ఆరో ఏడో. నెత్తిన రేకుతో వచ్చిన మనిషిని చూడగానే ఒక ముసలావిడ గబగబా వచ్చి ఎదురుగా నిలబడింది. ఆవిడ వెనక ఇంకొకరు. చూస్తుండగానే పాతిక మంది వరస కట్టారు.

"రేకులు పంచడానికొచ్చినారేటి బాబూ?" అంది ముసలావిడ. "ఒకటే తెచ్చినారేటి?"

"పంచడానికి కాదమ్మా. ఇది మీ పేటలో ఎవరిదో. ఎగిరొచ్చి మా గురువుగారి పెరట్లో పడింది."

వరసలో ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి రేకుని తడిమి చూశారు. తమది కాదన్నారు. ఒకాయన, "నాది కాదు గానీ, ఇచ్చీస్తే పుచ్చుకుంటాను" అన్నాడు. వరస మాత్రం చెదరలేదు. ఇతని వెనకాల లారీ వస్తుందని వాళ్ళ నమ్మకం.

"ఇంతకీ మీది ఏ ఆఫీసు బాబూ?" అంది ముసలావిడ.

త్రినాథ్‌కి చెప్పుకోవడానికి ఇదొక్కటే తోచింది. "తుఫాను వస్తుందని ముందే చెప్పింది నేనేనమ్మా."

ఆవిడ అతన్ని కాసేపు ఎగాదిగా చూసింది.

"మాకూ తెలిసింది బాబూ. ఒచ్చింది గదా."

అతను అక్కడ చాలాసేపే ఉండిపోవలసి వచ్చింది. రేకు దించి పెడితే, ఇటు ఈ గుంజ కాస్త పట్టుకోండి బాబూ అన్నారొకరు. గుంజ వదిలితే, దూలం అటు కొస ఎత్తమన్నారు ఇంకొకరు. చెట్టు కింద ఇరుక్కున్న కోడిని తియ్యబోతే అది అతని చెయ్యి పొడిచి పారిపోయింది. దాని వెంట పరిగెత్తింది కూడా అతనే. మళ్ళీ రేకు నెత్తికెత్తుకునేసరికి పన్నెండున్నర.

దారిలో అతనికి ఒక సంగతి గుర్తొచ్చి ఆగిపోయాడు. అందమైన కన్ను సరిగ్గా ఈ ఊళ్ళ మీదుగానే పోయింది. కన్ను వచ్చినప్పుడు గాలి ఆగుతుంది. అది దాటగానే గాలి రెండోసారి, ఎదుటి దిక్కు నుంచి కొడుతుంది. ఇది ఉస్తాద్ అతనికి మొదటి ఆదివారమే చెప్పిన పాఠం. రేకు ఈశాన్యం నుంచి కాదు, నైరుతి నుంచి వచ్చుండాలి. అంటే ఊరికి అవతలి వైపున ఉన్న మెట్టపేట.

మెట్టపేటకి ఉస్తాద్ ఇంటి ముందు నుంచే పోవాలి. వేరే దారి లేదు. త్రినాథ్ రేకుని ఆ వైపుకి వంచుకుని మొహం కనపడకుండా నడిచాడు.

"మంచినీళ్ళు తాగి వెళ్ళు" అని అరుగు మీంచి వినిపించింది.

తాగాడు. ఉస్తాద్ చిక్కుడుకాయలు ముగించి మెంతికూర దగ్గరికి వచ్చారు.

మెట్టపేటలో మొదటి ఇంటి ముందే ఒక పెద్దావిడ పొయ్యి రాజేస్తోంది. పేరు దాలమ్మ. రేకు చూడగానే ఊదుగొట్టం పక్కన పెట్టి లేచింది.

"నాదే బాబూ. ఈ తారు మచ్చ నానెట్టిందే. ఇది పొయ్యి మీద రేకు, మసి చూడండి." రేకు మీద చెయ్యి వేసి నిమిరింది. తర్వాత అతని వెనక్కి తొంగి చూసింది. "మిగతా అయిదూ ఏవి?"

"ఇదొక్కటే దొరికిందమ్మా."

"ఒకటైనా ఒచ్చింది" అంది దాలమ్మ.

ఇల్లు ఒకటే గది. పైన వాసాలున్నాయి, వాటి మీద ఆకాశం ఉంది. మూల నులకమంచం మీద కోడలు పడుకుని ఉంది. పక్కన చీరతో కట్టిన ఉయ్యాలలో పదిరోజుల పసిగుడ్డు. ఉయ్యాల మీద ఒక నల్ల గొడుగు విప్పి తాడుతో వాసానికి కట్టి ఉంది. దాలమ్మ కొడుకు విరిగిన స్తంభాలు నిలబెట్టడానికి కరెంటువాళ్ళతో వెళ్ళాడట, రెండు రోజులుగా ఇంటికి రాలేదట.

పడమట మబ్బు కమ్ముకొస్తోంది. ఆ మబ్బు ఇంకో గంటలో కురుస్తుందని త్రినాథ్‌కి తెలుసు. దాలమ్మకీ తెలుసు. ఆవిడ అతని చేతిలో సుత్తి పెట్టి నిచ్చెన గోడకి ఆనించింది.

"నాకు ఎత్తంటే భయమమ్మా" అన్నాడు త్రినాథ్.

"నానట్టుకుంటాను గదా. ఎక్కండి. ఉయ్యాల మీదికెయ్యండి, పొయ్యికి తరవాత చూద్దాం."

అతను ఎక్కాడు. వాసాన్ని కావిలించుకుని రేకు సరిచేశాడు. మూడు మేకులు వంకరపోయాయి, నాలుగోది దిగింది. సరిగ్గా అప్పుడే, మూడు రోజులుగా మోగని ఫోను జేబులో టింగుమంది. మళ్ళీ టింగుమంది. ఆ ఎత్తులో ఎక్కణ్నుంచో సిగ్నలు తగిలింది. ఆగకుండా మోగుతూనే ఉంది.

"ఎవులో తెగ పిలుస్తున్నారు బాబూ" అంది దాలమ్మ కింది నుంచి.

త్రినాథ్ ఒక చేత్తో వాసం పట్టుకుని, ఇంకో చేత్తో ఫోను తీశాడు. గాలివాన మిత్రమండలిలో తొంభై మూడు సందేశాలు. అండమాన్ దగ్గర కొత్త అల్పపీడనం. బాగా బలపడే సూచనలున్నాయి. ఒకాయన డప్పు బొమ్మలు పెట్టాడు. భానోజీ మాస్టారు రాశారు: "మళ్ళీ మన వైపే రావాలని కోరుకుందాం. ఈసారి త్రినాథ్ గారి అంచనా ఏమిటో?"

త్రినాథ్ గుండె ఉవ్వెత్తున లేచింది. అతనికి తెలియకుండానే మొహం నిండా నవ్వొచ్చింది.

దాలమ్మ నిచ్చెన పట్టుకుని తల పైకెత్తి చూస్తోంది. ఆవిడ మొహంలోకీ చిన్న నవ్వొచ్చింది.

"మంచి కబురేటి బాబూ?"

అతను కిందికి చూశాడు. నిచ్చెన పట్టుకున్న రెండు చేతులు, గొడుగు, గొడుగు కింద ఉయ్యాల. అయిదు రేకులు లేనిచోట అంతా ఖాళీ. నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది. దాన్ని ఎలా తీసెయ్యాలో అతనికి తెలియలేదు.

"ఇంకో మేకు ఇవ్వండమ్మా" అన్నాడు చివరికి.

ఆ మేకు కూడా వంకరపోయింది. దాలమ్మ సుత్తి తల వదులైపోయి ఊగుతోంది. త్రినాథ్ మళ్ళీ ఫోను తీసి గ్రూపులో అడిగాడు: "మనవాళ్ళలో ఎవరి దగ్గరైనా మంచి సుత్తి ఉందా?"

క్షణంలో ఎవరో జవాబిచ్చారు: "ఎందుకు లేదు, భానోజీ గారి దగ్గర బోలెడు."

ఆ వెంటనే భానోజీ మాస్టారు గ్రూపు నుంచి వెళ్ళిపోయారు.

వాన మొదలయ్యే ముందు రేకు గట్టిగా కూర్చుంది. మొదటి చినుకులు దాని మీద టపటపా పడ్డాయి. దాలమ్మ గొడుగుకి కట్టిన తాడు విప్పి, దాన్ని అతనికిచ్చింది. "ఇక దీని పన్లేదు. తడిసిపోతారు, అట్టుకెళ్ళండి."

ఉస్తాద్ ఇంటికి తిరిగొచ్చేసరికి త్రినాథ్ చొక్కా చిరిగి ఉంది. బొటనవేలు సుత్తి దెబ్బకి నల్లబడింది. అరుగు మీద కూర్చున్నాడు. ఉస్తాద్ రెండు గ్లాసుల్లో టీ పోసి ఒకటి అతని ముందు పెట్టారు.

"ఎవరిది?"

"మెట్టపేటలో దాలమ్మ గారిది."

"ఎంత దూరం ఎగిరింది?"

త్రినాథ్ ఆలోచించాడు. "చూసుకోలేదు ఉస్తాద్ గారూ."

కాసేపు ఇద్దరూ టీ తాగారు. వాన సన్నగా పడుతోంది.

"అండమాన్ దగ్గర ఇంకో అల్పపీడనం పుట్టింది" అన్నాడు త్రినాథ్, గ్లాసు వైపే చూస్తూ.

"ఎప్పటికి వస్తుంది?"

"వస్తే ఆరు రోజులు. రాకపోనూ వచ్చు." నల్లబడ్డ బొటనవేలు తడుముకున్నాడు. "ఆవిడ ఇంటికి ఇంకా అయిదు రేకులు తక్కువ. కొడుకు ఎప్పుడొస్తాడో తెలీదు. జీడితోటల్లో చెట్ల మధ్య రెండు కనపడ్డాయి. ఎవరివో అడగాలి."

ఉస్తాద్ గ్లాసు కింద పెట్టారు. లేచి లోపలికి వెళ్ళి పాత తువ్వాలు ఒకటి భుజాన వేసుకుని వచ్చారు. మెట్ల దగ్గర చెప్పులు తొడుక్కున్నారు.

"నాకు మోకాళ్ళు నొప్పి, ఎక్కలేను" అన్నారు. "నిచ్చెన పట్టుకుంటాను. పద."