రాజుగారి బొటనవేలు

నరసింహస్వామికి దణ్ణం పెట్టుకుని మొదలెడుతున్నాను, వినండి తల్లీ. ఏ కాలమని మాత్రం అడక్కండి; రాజులూ ఉన్నారు, వీడియో గేములూ ఉన్నాయి.

విచిత్రవర్మ మహారాజుగారికి తన గేములోని వజ్రబాహుడంటే ప్రాణం. ఆ వీరుడు కొండల్ని పిడికిలితో పిండి చేస్తాడు. "లోకంలో వీణ్ణి మించిన బలవంతుడు లేడు. ఇక కాలవలో పూడిక వీడే తీస్తాడు" అని రాజుగారు, ఏటా ఆ పని చేసే నలభైమంది కూలీలనీ మాన్పించేశారు.

వాళ్ల మేస్త్రి కొండాలమ్మ చెవిన ఈ మాట పడింది. పని లేకపోతే వాళ్లకి కూడు లేదు, కాలవ పారకపోతే ఊరికి నాట్లు లేవు. తిన్నగా కొలువుకెళ్లింది.

"ప్రభూ, ఆ గేములో బాబు కింద పడితే ఎవరు లేపుతారు?"

"నేనే. బొటనవేలితో మీట నొక్కితే చాలు."

"నొక్కకపోతే?"

"అలాగే పడుంటాడు."

"అయితే ఆ బలమంతా తమరి వేలిదే కదా! అందరికన్నా బలవంతులు తమరే. కాలవకి తమరే దయచెయ్యాలి."

సభంతా చప్పట్లు కొట్టింది. రాజుగారు ఉబ్బిపోయి కాలవలో దిగారు. కొండాలమ్మ తట్టనిండా బురద నింపి, గుడ్డ చుట్టకుదురు పెట్టి మరీ ఆయన నెత్తికెత్తింది. మూడో అడుగుకే కాలు జారి రాజుగారు చతికిలబడ్డారు. నడుం పట్టేసింది.

కొండాలమ్మ వినయంగా వంగింది. "ప్రభూ, తమరు లేవడానికి ఏ మీట నొక్కమంటారు?"

రాజుగారు బురద కారుతున్న బొటనవేలి వంక ఓసారి చూసుకున్నారు.

"ఆ నలభైమందినీ పిలు తల్లీ!"

వాళ్లొచ్చి ముందు రాజుగారిని తీశారు, ఆ తర్వాత పూడిక తీశారు.