ఎటునుంచమ్మ ఉప్పు తీర్థం

గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట, ఉప్పుటేరు ఒడ్డున ఎత్తైన మట్టిదిబ్బ మీద కొలువైన తల్లి ఎటునుంచమ్మ. నాలుక కొస బయటపెట్టి ఏదో రుచి చూస్తున్నట్టుండే ఈ విగ్రహాన్ని చూసి కొత్త భక్తులు నవ్వు ఆపుకోలేరు. నవ్వండి, తప్పులేదు. అమ్మకు నవ్వు మొహాలంటేనే ఇష్టం. దర్శనం దిబ్బ మీదైనా తీర్థం మాత్రం కింద, మెట్ల మొదట్లోనే ఇస్తారు. పుచ్చుకునే ముందు "ఎటు నుంచమ్మా?" అని అడగాలి. ఆ ప్రశ్నే అమ్మ పేరైంది.

పూర్వం ఇక్కడ గుడి లేదు. దిబ్బ మీద గేదెలు పడుకునేవి. దానికి తూర్పున, దిగువన మెరకపాలెం అనే ఊరుండేది. నీళ్ళు ఆ ఊరికి కొత్త కాదు. ఎగువ కొండల్లో వానలు పడితే గోదావరి ఎర్రబడి, నురగలతో, కొట్టుకొచ్చిన మానులతో మెల్లగా ఎక్కేది. ఊళ్ళోనే ముసురు పట్టి మురుగుకాలువలు పూడుకుపోతే వాననీరు చేలల్లో నిలిచిపోయేది. ఏ నీరైనా పడమటి వైపు నుంచే ఇళ్ళలోకి వచ్చేది కనుక, జనం మూటాముల్లె నెత్తిన పెట్టుకుని తూర్పున సముద్రం ఒడ్డునున్న ఇసుక మెరకల మీదికి పోయేవారు. తాతల నాటి అలవాటు. ఎందుకని ఎవరూ అడిగేవారు కారు.

ఆ ఊరి గేదెల కాపరి గంటయ్య భార్య అచ్చియ్యమ్మ నిండు చూలాలు. ఎన్నో ఏళ్ళకు నిలిచిన కడుపు. వేవిళ్ళు మొదలైన నాటి నుంచీ పుట్టమన్ను, చింతచిగురు, ఏది కనిపిస్తే అది నోట్లో వేసుకునేది. ఊరి పెద్ద అయిన మామ బసవయ్య "మా కోడలు రుచి చూడనిది నా తలపాగా ఒక్కటే!" అని వేళాకోళం చేసేవాడు.

ఒక మధ్యాహ్నం కునుకులో ఆమెకు ఒక ముసలమ్మ కనిపించింది. "నీళ్ళొస్తే ఎటు నుంచి వచ్చాయని అడగవుటే?" అంది. "నీళ్ళు మాట్లాడతాయా అవ్వా?" అని అచ్చియ్యమ్మ నవ్వితే, "నీకు నాలుకుందిగా!" అని తన నాలుక చాపి మాయమైంది. కల సంగతి విని ఊరంతా పడీపడీ నవ్వింది.

మర్నాడే ఈదురుగాలి లేచింది. పడమటి వైపున ఏరు పొంగి, నీళ్ళు గడపల్లోకి వచ్చాయి. అలవాటు ప్రకారం అందరూ తూర్పుకు బయలుదేరారు. దారిలో అచ్చియ్యమ్మకు నొప్పులు మొదలయ్యాయి. నోరెండిపోయి, దోసెడు వరదనీరు నోట్లో పోసుకుంది.

"ఉప్పు!" అని కేక పెట్టింది.

"ఇప్పుడు కూడా రుచులేనటే!" అని గంటయ్య తల పట్టుకున్నాడు.

"గోదారి ఉప్పగా ఉంటుందా? వాన ఉప్పగా ఉంటుందా? ఇది సముద్రం! గాలి దాన్ని ఏట్లోకి తోసి మన వెనక నుంచి ఎక్కిస్తోంది. మనం దానికే ఎదురుపోతున్నాం. దిబ్బకు పదండి!"

"ఆ నీళ్ళలోకా? మతి పోయిందా?" అని బసవయ్య గద్దించాడు.

"రుచి చూసి మాట్లాడు మావయ్యా!"

బసవయ్య వంగి పుడిసెడు నీళ్ళు నోట్లో పోసుకుని "థూ!" అన్నాడు. ఆ వెనుకే ఊరు ఊరంతా థూ, థూ!

మోకాటిలోతు నీళ్ళలో వెనుదిరిగారు. ముందు అచ్చియ్యమ్మ, గేదె కొమ్ము పట్టుకుని. నొప్పికి ఆమె ఆగినప్పుడల్లా ఊరంతా ఆగింది. ప్రాణాలు అరచేత పట్టుకుని కూడా ఒక్కరూ ఆమెను దాటిపోలేదు. అందరూ దిబ్బ ఎక్కారో లేదో, ఇసుక మెరకలను ముంచేస్తూ ఉప్పెన వచ్చింది. ఇళ్ళు పోయాయి. మనిషన్నవాడు ఒక్కడూ పోలేదు. దిబ్బ మీదే అచ్చియ్యమ్మ పండంటి ఆడపిల్లను కన్నది. బాలింతకు వేడినీళ్ళు కాచేందుకు పొయ్యి తవ్వితే, నాలుక చాపిన రాతిబొమ్మ బయటపడింది. "ఈవిడే! ఈవిడే!" అంటూ అచ్చియ్యమ్మ ఏడుస్తూ నవ్వింది.

నేటికీ ఆ బిడ్డ వంశీకులే ఇక్కడ పూజారులు. "ఎటు నుంచమ్మా?" అని మీరడిగితే "నాలుకనడుగు" అంటూ ముందున్న మూడు చెంబుల్లో ఏదో ఒకటి వంచుతారు. బెల్లపు తీపి తగిలితే గోదావరి. చప్పగా ఉంటే వాన. ఉప్పు తగిలిందా, మీ పంట పండినట్టే! ఆ ఇంటి గడప నీళ్ళు దాటవని, ఆ ఇంటి ఆడపడుచులకు సుఖప్రసవమవుతుందని భక్తుల నమ్మకం. మింగి, గొంతెత్తి "ఉప్పు!" అని అరవాలి. ఆ కేక వినగానే వరసలో ఉన్నవారంతా కేరింతలు కొడుతూ మెట్ల మీదికి పరుగు తీస్తారు.

వరసలో చూలాలు ఉన్న రోజున మాత్రం పరుగు ఉండదు. ఆవిడ ముందు నడుస్తుంది. ఆవిడ ఆయాసపడి మెట్టు మీద కూర్చుంటే, వెనుక ఎంతటివారున్నా, ఆవిడ లేచేదాకా అక్కడే నిలబడతారు.