చక్రం విసిరిన గాలి

తొట్టి ఎందుకు నిండటం లేదో రేవణప్పకు అర్థం కాలేదు.

బావిలో నీళ్ళున్నాయి. తాడు కొత్తది. చేతుల్లో బలముంది. అయినా మధ్యాహ్నమయ్యేసరికి తొట్టి సగం కూడా రావడం లేదు. రేపు పొద్దున మూడు వందల మంది ఎండలో నడిచి వస్తారు. శ్రీశైలం కొండకు కాలినడకన పోయే కన్నడ దేశం వాళ్ళు. నల్లమల అడవిలో కాలు పెట్టేముందు వాళ్ళకు దొరికే ఆఖరి నీళ్ళు ఈ మఠంలోవే. ఆపైన పూటంతా నడిచినా చుక్క కనబడదు.

మఠం బావి చాలా లోతు. చేదతో ఎంతసేపు తోడినా తొట్టి నిండదు. అందుకని ఎప్పుడో పెద్దలు బావి మీద మనిషెత్తు చక్రం ఒకటి నిలబెట్టారు. పిడి పట్టుకుని తిప్పితే, గుడ్డ బిళ్ళలు గుచ్చిన తాడు ఒక గొట్టంలోంచి పైకి వస్తూ నీళ్ళను తోసుకొస్తుంది. కింది నీళ్ళు మీదికి నడిచి రావడం, చూసేవాళ్ళకు ఎన్నిసార్లు చూసినా వింతే.

ఆ సేవ రేవణప్పది. ఇంకొకరిని పిడి ముట్టనివ్వడు.

వారం కిందట అతనికి ఒక ఆలోచన పుట్టింది. చక్రం నడుమ నుంచి అంచుకు పోయే కర్రలు ఐదు. శివుడి మంత్రానికి అక్షరాలు ఐదు. దేవుడే కుదిర్చి పెట్టినట్టనిపించింది. మూరెడు పొడుగు, జానెడున్నర వెడల్పు పలకలు ఐదు చెక్కి, ఒక్కో పలక మీద ఒక్కో అక్షరం ఎర్రగా రాశాడు. న, మ, శి, వా, య. బాటన వచ్చేవాళ్ళకు ఎదురుగా కనబడాలని పలకలను కర్రలకు అడ్డంగా పెట్టి మేకులు కొట్టాడు. చక్రం తిరుగుతుంటే పుస్తకంలో పుటలు తిప్పినట్టు అక్షరం వెనక అక్షరం లేచి వచ్చేది. ఒక చుట్టుకు ఒక జపం. ఎంత అందంగా ఉందో. రేపు మూడు వందల మంది నిలబడి చూస్తారు, ఈ పని చేసిన చేతులెవరివని అడుగుతారు. ఈ ఒక్క మాట మాత్రం అతను ఎవరితోనూ అనలేదు.

పలకలు కొట్టిన రోజు నుంచీ తొట్టి నిండలేదు.

ఇరుసుకు ఆముదం పోశాడు. బిళ్ళలు విప్పి మళ్ళీ కట్టాడు. తన భక్తిలోనే ఏదో లోపముందనుకుని ఒక పూట అన్నం మానేశాడు. ఏం చేసినా అంతే. ఇక పిడిని మరింత గట్టిగా తిప్పసాగాడు. వేగం పెంచేకొద్దీ చక్రం ఇంకా బరువెక్కింది, అదీ విచిత్రం.

వంట చేసే సిద్దమ్మ కడవతో వచ్చి తొట్టిలోకి తొంగి చూసింది.

“నీళ్ళకన్నా నీ చెమటే ఎక్కువున్నట్టుందే రేవణయ్యా.”

తనూ ఒక చెయ్యి వేస్తానంది. అక్కర్లేదన్నాడు. ప్రాణం పోయినా పొద్దు గూకేలోగా నింపి తీరతానన్నాడు. ప్రాణం పోయాక ఎట్లా నింపుతావని అడిగి, కడవ సగమే ముంచుకుని వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం శరభయ్యస్వామి బావి దగ్గరికి వచ్చాడు. ఆయనే మఠానికి పెద్ద, రేవణప్పకు గురువు. ఎనభై దాటాయి. చంకలో గంపెడు దంచిన కొర్రలు, చేతిలో చేట, భుజం మీద గోనెపట్టా. రేవణప్ప పిడి వదిలి గంప అందుకోబోతే, నీ పని నువ్వు కానీ అన్నట్టు చెయ్యి ఊపాడు.

దంచిన కొర్రల్లో పొట్టు పోవాలంటే గాలి కావాలి. ఆ ఎండకు ఆకు కూడా కదలడం లేదు. స్వామి తిరుగుతున్న చక్రం ముందు గోనెపట్టా పరిచాడు. చేట తలకన్నా పైకెత్తి, కొర్రలను సన్నని ధారగా వదిలాడు. గింజలు తిన్నగా పట్టా మీద రాలాయి. పొట్టు లేచి, పక్కకు ఎగిరి, దూరంగా కుప్ప పడింది.

రేవణప్ప ఆశ్చర్యపోయి చూస్తూ నెమ్మదించాడు. పొట్టు మళ్ళీ గింజల మీదే పడసాగింది.

“ఆపకు నాయనా. ఇంకా నాలుగు చేటలున్నాయి.”

తిప్పాడు. గంప ఖాళీ అయ్యేదాకా తిప్పాడు. స్వామి గుప్పెడు గింజలు అరచేతిలో వేసుకుని చూసుకున్నాడు.

“శుభ్రంగా చేశావు.”

“నేనా స్వామీ? నేను నీళ్ళు కదా తోడుతున్నాను.”

స్వామి తొట్టిలోకి చూశాడు. పొట్టు కుప్ప వైపు చూశాడు.

రేవణప్ప పిడి వదిలి, ఇంకా తిరుగుతున్న చక్రం ముందు చెయ్యి పెట్టాడు. పలక వచ్చినప్పుడల్లా అరచేతికి ఒక్కో గాలి దెబ్బ తగిలింది. న. మ. శి. చక్రం మూడు చుట్లకే అలిసినట్టు ఆగిపోయింది. వారం రోజులుగా తను తోడిందేమిటో చేతికి తెలిసింది.

తెలిసినా చెయ్యి ముందుకు పోలేదు. అవి దేవుడి అక్షరాలు. ఊడబీకితే ఏమవుతుందోనని భయం. ఆ మాటే మెల్లగా గురువుకు చెప్పుకున్నాడు.

స్వామి సిద్దమ్మను పిలిచి పటకారు తెమ్మన్నాడు. తనే చక్రం దగ్గరికి పోయి ‘న’ పలక మేకును పట్టుకున్నాడు.

“మొదటిది నేను పీకుతాను. పాపమేమన్నా ఉంటే ముందు నాకే అంటనీ.”

ముసలి వేళ్ళకు మేకు లొంగలేదు. పటకారు జారింది. ఆయన మళ్ళీ పట్టుకున్నాడు. మళ్ళీ జారింది. మూడోసారి పట్టుకోబోయేసరికి రేవణప్ప ఆ చేతిలోంచి పటకారు తీసుకున్నాడు.

“నేను కొట్టిన మేకులు స్వామీ. నేనే పీకుతాను.”

ఐదూ ఊడదీశాడు. ఒక్కో పలకనూ కళ్ళకద్దుకుని అరుగు మీద పెట్టాడు. తిరిగి వచ్చి పిడి మీద చెయ్యి వేశాడు, వేసి ఆగాడు. సిద్దమ్మ ఇంకా అక్కడే నిలబడి ఉంది.

“అక్కా, నువ్వూ పట్టు.”

ఆమె నవ్వకుండా వచ్చి పట్టుకుంది. చక్రం చిన్నపిల్లల ఆటలా తిరిగింది. ఇద్దరూ మారి మారి తిప్పారు. పొద్దు వాలకముందే తొట్టి అంచుకు వచ్చింది. రేవణప్ప అప్పటికీ ఆపక, మఠంలో ఉన్న కడవలన్నీ వరసగా నింపాడు.

తెల్లవారి వాళ్ళు వచ్చారు. కాళ్ళకు గుడ్డలు చుట్టుకున్నవాళ్ళు, బిడ్డలను భుజాన మోసేవాళ్ళు, పెదవులు పగిలిన ముసలివాళ్ళు. దోసిళ్ళతో తాగారు. తలగుడ్డలు తడుపుకున్నారు. సొరబుర్రలు నింపుకున్నారు. తొట్టి తగ్గినప్పుడల్లా రేవణప్ప నింపుతూనే ఉన్నాడు. ఎండ ముదరకముందే అందరూ లేచి అడవిలోకి సాగిపోయారు.

స్వామి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. రేవణప్ప వచ్చి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

“చక్రాన్ని ఎవరన్నా చూశారా?”

“లేదు స్వామీ. నీళ్ళు తాగి వెళ్ళిపోయారు.”

“అయితే బాగా తిరిగిందన్నమాట,” అన్నాడు శరభయ్యస్వామి.