రెండో బెజ్జం లేని పూస

అనగనగా ఒక అడవిలో, వాగు పక్కన, పిల్లుల పేట ఒకటి ఉండేది పిల్లలూ. ఆ పేటలో పిల్లులకు పరువంటే ప్రాణం. కాలిలో ముల్లు దిగినా కుంటేవి కావు. జబ్బు చేస్తే ఎవరికీ చెప్పకుండా గచ్చపొదల్లో దూరి పడుకునేవి. అలా వెళ్లిన పిల్లి వెంట ఎవరూ వెళ్లకూడదు, ఎలా ఉందని అడగకూడదు. అది ఆ పేట మర్యాద. చాలా గొప్ప మర్యాద అని అవి అనుకునేవి, పాపం.

పాలవెల్లి అనే తెల్లపిల్లికి గోగు ఒక్కడే కొడుకు. వాడికింకా ఏడాది నిండలేదు. చలికాలం మొదలయ్యేసరికి వాడి పొట్ట ఉబ్బసాగింది.

"మీవాడు బాగా తింటున్నాడమ్మా. పొట్ట చూడు, ఎంత ముద్దొస్తోందో," అని పేట పెద్ద మీసాల తాత మెచ్చుకున్నాడు. పాలవెల్లి మురిసిపోయింది. పొట్ట ఉన్న పిల్లికే ఆ పేటలో గౌరవం మరి.

తర్వాత గోగు చేపముక్క ముట్టడం మానేశాడు. "కడుపు నిండినవాడికి ఆకలేముంటుంది?" అన్నాడు తాత.

ఆ తర్వాత ఒకరోజు వాడి వీపు నాకుతుంటే పాలవెల్లి నాలుకకు వెన్నెముక గుచ్చుకుంది. పొట్ట చూస్తే కుండంత ఉంది, వీపు మీద మాంసమే లేదు. ఒళ్లు కాలిపోతోంది. కండపట్టిన పిల్లి ఇలా ఉంటుందా అని ఆ తల్లికి అనుమానం వచ్చింది.

మర్నాడు పొద్దున్నే గోగు తల దించుకుని గచ్చపొదల వైపు నడిచాడు. పాలవెల్లి వాడి వెంట లేచింది. దారికడ్డంగా తాత కూర్చున్నాడు.

"వెళ్లకమ్మా. వాడి పరువు తీయకు," అన్నాడు.

"వాడుంటే కదా తాతా పరువు," అంది పాలవెల్లి. పక్కనుంచి దూకి పొదల్లోకి వెళ్లింది. కొడుకు మెడ పట్టుకుని, సగం మోస్తూ సగం ఈడుస్తూ, వాగు దాటించింది.

వాగు అవతల కొంగ డాక్టరమ్మ ఉంది. పోయిన వానాకాలమంతా ఆమె గూటి కిందే లొట్టలు వేస్తూ తిరిగింది పాలవెల్లి. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది? అయినా అడిగింది.

"డాక్టరమ్మా, మావాడికి ఒంట్లో బాగాలేదు." పేటలో ఏ పిల్లీ పైకి అనని మాట అది.

కొంగ ఒంటికాలి మీద నిలబడి ఎగాదిగా చూసింది. "నా పిల్లల జోలికి రావుగా?"

"రాను."

"అయితే పడుకోబెట్టు."

కొంగ తన సన్నని ముక్కు కొనతో గోగు పొట్టలోంచి ఒక చుక్క తీసింది. అది పచ్చగా ఉంది, జిగురుగా సాగింది.

"ఇది కొవ్వు కాదమ్మా, నీరు. మీ పిల్లుల పేగుల్లో కంటికి కనబడని వైరస్ ఒకటి ఉంటుంది. చాలామందిలో ఉంటుంది, నీలోనూ ఉండొచ్చు. పెద్దగా ఏమీ చేయదు. ఎప్పుడో, ఎవరో ఒకరి ఒంట్లో అది రూపు మార్చుకుంటుంది. అప్పుడు ఒళ్లంతా పాకుతుంది. మందు వేయకపోతే బతకడం కష్టం," అంది.

"నేనేమైనా తప్పు చేశానా?" అని అడిగింది పాలవెల్లి.

"లేదు. అది ఎందుకలా మారుతుందో మాకే పూర్తిగా తెలియదు."

"మరి మందు?"

"మా అమ్మ కాలంలో లేదు. ఇప్పుడుంది. జాగ్రత్తగా విను. ఆ వైరస్ తనలాంటివాటిని తయారుచేసుకోవడానికి పూసల దండ గుచ్చుతూ పోతుంది. ఒక పూస, దాని పక్కన ఇంకో పూస. మా మందు కూడా అచ్చం ఆ పూసలాగే ఉంటుంది. అది తెలియక దాన్నీ గుచ్చుకుంటుంది. కాని మా పూసకు రెండో వైపు బెజ్జం లేదు. దారం అక్కడితో ఆగిపోతుంది. దండ పూర్తి కాదు."

పాలవెల్లి పుట్టినప్పటినుంచీ వేటాడుతున్న పిల్లి. కంటికి ఆనని శత్రువును కంటికి ఆనని ఉచ్చుతో పట్టొచ్చని ఎన్నడూ అనుకోలేదు. కొడుకు పొట్ట వైపే చూస్తూ ఉండిపోయింది. ఆ క్షణంలో అడవి మొత్తానికీ మొక్కాలనిపించింది.

"రోజూ తీసుకురావాలి, ఒక్కరోజు కూడా మానకూడదు. తప్పక బతుకుతాడని మాటివ్వలేను. కాని వేళకు తెచ్చావు," అంది కొంగ. గోగు మెడ వెనక చర్మం కింద మందు ఎక్కించింది. వాడు కెవ్వుమన్నాడు.

కొద్దిరోజుల్లోనే జ్వరం జారింది. వాడు చేప అడిగి మరీ తిన్నాడు. పొట్ట మెల్లగా లోపలికి పోయింది.

"అమ్మా, నాకు తగ్గిపోయింది. ఆ పోటు భలే మండుతోంది, ఇక వద్దు," అని గోగు మారాం చేశాడు. తాత కూడా, "ఎగురుతున్న పిల్లాణ్ణి ఎందుకమ్మా రోజూ పొడిపిస్తావు?" అన్నాడు.

పాలవెల్లి మనసూ ఊగింది. చలిలో రోజూ వాగు దాటడం ఏ పిల్లికి ఇష్టం? వెళ్లి డాక్టరమ్మనే అడిగింది.

"పైకి తగ్గింది. లోపల మూలల్లో దండ గుచ్చేవి ఇంకా మిగిలి ఉంటాయి. ఇప్పుడు ఆపితే మళ్లీ మొదలవుతుంది," అంది కొంగ.

అంతే, పాలవెల్లి మళ్లీ ఆ మాట ఎత్తలేదు. గోగు ఏడ్చినా, అలిగినా, మెడ పట్టుకుని వాగు దాటించింది. అడవి మామిళ్లు పూతకు వచ్చేదాకా దాటిస్తూనే ఉంది.

చివరి రోజున పేట పేటంతా వాళ్ల వెనకే వచ్చి గట్టున కూర్చుంది. కొంగ గోగు పొట్ట నొక్కి చూసింది. వీపు తడిమింది. "మందు ఇక చాలు. కొన్నాళ్లు కనిపెట్టుకుని ఉందాం," అంది. పాలవెల్లి కళ్లు చెమర్చాయి. గట్టు మీది పిల్లులన్నీ గోగును వింతగా చూశాయి. పొట్ట అంత ఉబ్బిన పిల్లి తిరిగి రావడం అంతకుముందు వాటిలో ఎవరూ చూడలేదు.

మీసాల తాత నెమ్మదిగా ముందుకు వచ్చాడు. "మా చెల్లెలు కూడా ఇలాంటి పొట్టతోనే పొదల్లోకి వెళ్లింది డాక్టరమ్మా. అప్పుడీ మందు ఉందా?"

"లేదు తాతా."

"మందు లేకపోతే లేదు. పక్కన ఎవరైనా కూర్చోవాల్సింది," అన్నాడు తాత.

ఆ తర్వాత కొంగ ఎదురుగా చతికిలబడి నోరు తెరిచాడు. "ఈ పన్ను చూడమ్మా. చాలాకాలంగా నొప్పి," అన్నాడు. పేట పెద్ద తన నోటితో తన నొప్పి చెప్పుకోవడం ఆ పిల్లులు వినడం అదే మొదలు.

నీతి: దాచిన జబ్బుకు బలమెక్కువ. బాధ కలిగితే నోరు తెరిచి చెప్పాలి, మొదలుపెట్టిన మందు చివరిదాకా వాడాలి.