సున్నాకి తాళం

మేధావిపాలెం వాళ్ళకి తమ తెలివంటే మహా గర్వం. వానొస్తే గొడుగు తడిసి పాడవుతుందని దాన్ని చొక్కాలో దాచుకుని, తాము తడుచుకుంటూ ఇంటికెళ్ళే రకం. ఇంత తెలివి ఊళ్ళోనే వృథా అయిపోతోందని ఒక డిగ్రీ కాలేజీ కూడా పెట్టుకున్నారు. దానికి సుందరశివుడు ప్రిన్సిపాలు. ఆయన బావమరిది భీమలింగం లెక్కల మేష్టారు. సుందరశివుడి కూతురు హైమ అక్కడే చదువుతోంది.

ఒకరోజు యూనివర్సిటీ నుంచి ఫోనొచ్చింది. సోమవారం కమిటీ వస్తుందట. మీరేం పాఠాలు చెప్పారో మాకక్కర్లేదు, పిల్లలకి చేరినప్పుడు ఎంత తెలుసో, ఇప్పుడెంత తెలుసో ఆ తేడా చూపించండి, లేకపోతే కాలేజీ మూయిస్తాం అన్నారట.

సుందరశివుడికి ముందు హైమే గుర్తొచ్చింది. కాలేజీ మూతపడితే హైమ పట్నం హాస్టల్‌కి పోవాలి. అక్కడ నీళ్ళ సాంబారు. జ్వరమొస్తే నుదురు తాకి చూసే దిక్కుండదు. తల ఆరకుండానే పడుకుంటుంది, వద్దనేదెవరు?

"చేరినప్పుడు వీళ్ళకెంత తెలుసో మనం చూడనేలేదు కదా బావా" అన్నాడు భీమలింగం.

"దానికేముందిరా, మళ్ళీ చేర్చుకుందాం."

అంతే. పిల్లలందర్నీ గేటు బయటికి తోలి, ఒక్కొక్కర్నే కొత్తవాళ్ళలా లోపలికి పిలిచి ప్రశ్నలడిగారు. పిల్లలు టకటకా జవాబులు చెప్పేశారు. ఇంకేముంది, కొంప మునిగింది. చేరేటప్పుడే ఇన్ని తెలిస్తే మీరు నేర్పిందేమిటని కమిటీ అడగదూ?

అయితే మరిపించాలి అన్నాడు భీమలింగం. ఆ పని తనకొదిలెయ్యమంది సుందరశివుడి భార్య చంద్రకళ. నేను కేకలేస్తే మా ఆయనకి ఆయన పేరే గుర్తుండదు, పిల్లలెంత అంది. కొంగు బిగించి ప్రతి క్లాసులోనూ దూరి దులిపేసింది. పుస్తకాల్లోంచి ఏ అక్షరమైనా కంట్లో పడుతుందేమోనని లైబ్రరీ బీరువాలన్నీ గోడవైపు తిప్పేశారు. పాఠం చెవిన పడకుండా మేష్టార్లు పెదవులు మాత్రం కదిపారు. ఎంతైనా ఆ ఊరి పిల్లలే కదా, బుద్ధిగా మరిచిపోయారు. ఒకడైతే శ్రద్ధ ఎక్కువై ఇంటిదారి కూడా మరిచాడు.

హైమ ఒక్కతే ఏడుస్తూ వచ్చింది. నీళ్ళు ఎంత వేడికి మరుగుతాయో తనకింకా గుర్తుందట.

"ప్రయత్నించమ్మా, నీవల్ల అవుతుంది" అని తల నిమిరాడు సుందరశివుడు.

శుక్రవారం మళ్ళీ చేర్చుకుని పరీక్ష పెట్టారు. హైమకి తప్ప అందరికీ సున్నా. ఊరంతా మిఠాయి పంచారు.

సోమవారం కమిటీ పెద్ద రాజ్యలక్ష్మి గారు వచ్చారు. సుందరశివుడు ఆ సున్నాలన్నీ ఆవిడ ముందు పరిచి, ఇవి చేరినప్పటివండీ అన్నాడు.

"మరి ఇప్పటివి?"

"మొన్న శుక్రవారమే కదండీ చేరారు" అన్నాడు సుందరశివుడు.

ఆవిడ తల పట్టుకున్నారు. కాసేపటికి ఆయన మొహం చూసి జాలేసిందేమో, ఒక ఏడాది గడువిచ్చారు. వచ్చే ఏడు ఈ సున్నాకీ అప్పటి మార్కులకీ తేడా కనిపించాలి, అప్పటిదాకా మూయించనులెండి అని చెప్పి కారెక్కారు.

ఇంకేముంది, ఊరివాళ్ళు ఊరేగింపు చేద్దామన్నారు. సుందరశివుడు మాత్రం వద్దన్నాడు. సున్నా చేతికొచ్చింది సరే, ఏడాదిపాటు దాన్ని కాపాడుకోవద్దూ? ఈలోగా ఎవడైనా ఏదైనా నేర్చుకుంటే సున్నా చెడిపోదూ? చదువంతా కమిటీ వచ్చే ముందురోజు ఒక్కసారే చెప్పేస్తే తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అంతే. కాలేజీకి ఇంత లావు తాళం వేయించాడు. చదువుకోవడానికొచ్చిన పిల్లల్ని గేటు దగ్గరే కూర్చుని తరిమేశాడు.

"మరి నేనేం చెయ్యను నాన్నా?" అంది హైమ.

ఆయన గేటు తాళం మరోసారి లాగి చూసుకున్నాడు. ఈ పిల్లకి చదువు పిచ్చి. మరిచిపొమ్మన్నా మరవలేదు. ఊళ్ళో ఉంటే సున్నాకే ముప్పు.

మర్నాడే ఆవకాయ జాడీ, పరుపుచుట్ట మోసుకొచ్చి హైమని పట్నం బస్సెక్కించాడు. బస్సు కదులుతుంటే కిటికీ పట్టుకుని పక్కనే నడుస్తూ కళ్ళు తుడుచుకున్నాడు.

"బెంగపెట్టుకోకు తల్లీ. మన కాలేజీ గనక మూతపడుంటే, నిన్ను హాస్టల్‌కి పంపాల్సొచ్చేది."